మూడు గొట్టాలు, రెండు ట్రిగ్గర్లు, ఒక బీరువా

మొదట ఒక దిద్దుబాటు. మూడు గొట్టాల తుపాకీకి మూడు ట్రిగ్గర్లు ఉండవు. రెండే ఉంటాయి.

ఈస్టరు భోజనాల దగ్గర నా మనవడు ఎగోన్ అన్న మాట ఇది: "అమ్మమ్మా, తాతయ్య తుపాకీకి మూడు గొట్టాలు, మూడు ట్రిగ్గర్లు. దొంగ వెధవ ఎటునుంచి వచ్చినా ఏదో ఒకటి తగిలి తీరుతుంది. ఇన్నేళ్లు ఈ ఇంటిని కాసింది, ఇంక మా ఇంటిని కాస్తుంది." ఆ సమయానికి నా నోటి నిండా పంది తొడ మాంసం, దాని మీద ఘాటు ముల్లంగి తురుము ఉన్నందున వెంటనే సరిదిద్దలేకపోయాను. నేను మింగేలోపు బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా తలలు ఊపేశారు. కాబట్టి ఇప్పుడు తీరిగ్గా, రాతపూర్వకంగా సరిదిద్దుతున్నాను. నా బుద్ధి స్థిమితంగా ఉందా అని రేపు ఎవరికైనా సందేహం కలిగితే పైనున్న మొదటి పేరా చూసుకోవచ్చు. ఆ రోజు ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లలో ఆ లెక్క తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

అడెల్‌హైడ్ ఓగ్రిస్ అను నేను, వయస్సు ఎనభై నాలుగు, ఆస్ట్రియా దేశం, కారింథియా రాష్ట్రం, తుపాకుల తయారీకి పేరున్న ఫెర్లాక్ పట్టణ నివాసిని. తుపాకుల మేస్త్రి దివంగత బ్లాజియస్ ఓగ్రిస్ భార్యను. ఇదే పట్టణంలో పిల్లలకు లెక్కలూ ప్రకృతి శాస్త్రమూ చెప్పి రిటైరైన టీచరును. ఎవరి బలవంతమూ లేకుండా, ఎవరి సలహా వినకుండా, పూర్తి తెలివితో నా స్వహస్తాలతో రాస్తున్న చివరి వీలునామా ఇది. దీనికి ముందు రాసిన రెండూ రద్దు. మొదటిది నా ఆడపడుచు ఫిలోమినా మీద కోపంతో రాశాను, రెండోది ఆమె మీద జాలితో రాశాను. ఆ రెండు స్థితులూ దాటాను.

ఈ వీలునామా అమలు బాధ్యతను నోటరీ సుంపర్ గారికి అప్పగిస్తున్నాను. స్వహస్తంతో రాసిన వీలునామాకు సాక్షులు అక్కర్లేదని ఆయన చెప్పారు. అక్కర్లేకపోయినా పెట్టుకుంటున్నాను. మా ఇంట్లో జరిగిన ఒకే ఒక ముఖ్యమైన సంగతికి బయటి సాక్షులు లేకపోవడం వల్ల అది ఊళ్లో నవ్వులాటగా మిగిలిపోయింది. మరోసారి అలా కానివ్వను.

1. ఇల్లు, దాని వెనక పెరడు, పెరట్లో ఉన్న వాల్‌నట్ చెట్టు, ఉత్తరం వైపు కారే వానగొట్టంతో సహా, నా కూతురు నోట్‌బుర్గాకు, అంటే మా బుర్గికి, చెందుతాయి. వానగొట్టం బాగుచేయించడానికి మనిషిని పిలిచాను. అతను వచ్చి, చూసి, "ఇది అప్పుడే మార్చాల్సిందమ్మా" అని వెళ్లిపోయాడు. అప్పుడు అంటే ఎప్పుడో చెప్పలేదు. బుర్గి మళ్లీ పిలవాలి.

ప్లమ్ జామ్ కాచే రాగి గుండిగ కూడా బుర్గిదే. అడుగున కొంచెం నల్లబడి ఉంటుంది. దాన్ని తోమి తోమి పోగొట్టకూడదు. ఆ మరక ఏ రోజు పడిందో బుర్గికి తెలుసు, మిగతావాళ్లకు ఆరో అంశంలో తెలుస్తుంది. నా కుట్టుపెట్టెలో, దారపు ఉండల కింద, పగలగొట్టని వాల్‌నట్ ఒకటి ఉంది. ఎండి తేలికైపోయింది, తినడానికి పనికిరాదు. అది ప్రత్యేకంగా బుర్గికి. దాని చేతికే ఇవ్వాలి, బల్ల మీద పెట్టి చూసుకోమనకూడదు.

2. నా ఆడపడుచు ఫిలోమినాకు గసగసాలు నూరే మరను రాసి ఇస్తున్నాను. ఆ మర ఇప్పుడు ఆమె ఇంట్లోనే ఉంది. మా పెళ్లయిన కొత్తలో "వదినా, ఆదివారం తెచ్చిచ్చేస్తా" అని పట్టుకెళ్లింది. ఏ ఆదివారమో అడగకపోవడం నా పొరపాటు కాదు, అప్పట్లో నేను మర్యాదగా ఉండేదాన్ని. ఇక ఆమె దాన్ని తిరిగి ఇవ్వాల్సిన అవసరం లేదు. ఇకనుంచి గసగసాల రొట్టె చేసినప్పుడు తలుపు వేసుకోనక్కర్లేదు.

3. మెట్లగోడ మీదున్న జింక కొమ్ములన్నీ వేటగాళ్ల సంఘానికి, వాటికి దుమ్ము దులుపుతామని ఎవరైనా మాట ఇచ్చిన పక్షంలో. ఎవరూ ఇవ్వకపోతే కోటు కొక్కేలుగా వాడుకోవడానికి బడికి. నా అంత్యక్రియలలో సంఘంవారు కొమ్ముబూరలు ఊదదలిస్తే ఒకే పాట ఊదాలి. బ్లాజియస్ అంత్యక్రియలలో నాలుగు ఊదారు, నాలుగింటిలోనూ ఓస్వాల్డ్ ఒకే చోట తప్పాడు. ఈసారి ఓస్వాల్డ్ బూర పట్టుకుని నిలబడితే చాలు.

4. ఇప్పుడు తుపాకీ. నా భర్త బ్లాజియస్ ఓగ్రిస్ తన చేతులతో చేసి, తన కోసం ఉంచుకున్న మూడు గొట్టాల తుపాకీని నా మనవరాలు, ఎగోన్ అక్క, అటవీశాఖలో పనిచేస్తున్న గెర్లిండ్‌కు రాసి ఇస్తున్నాను. జిల్లా కార్యాలయంలో పేరు మార్పించుకునే పని ఆమెది. ఆ కాగితాలు ఎలా నింపాలో ఆమెకు నేర్పనక్కర్లేదు.

దీని ఉపయోగం గురించి ఈస్టరు బల్ల దగ్గర చాలా మాటలు దొర్లాయి కాబట్టి, ఉన్నది ఉన్నట్టు రాస్తాను. పైన పక్కపక్కన రెండు గొట్టాలు, పెల్లెట్లకు, అంటే పేలగానే చెల్లాచెదురయ్యే చిన్న చిన్న గుండ్లకు. వాటి కింద మధ్యలో ఒకటి, తూటాకు. ముందు ట్రిగ్గర్ కుడి గొట్టాన్ని పేలుస్తుంది, వెనక ట్రిగ్గర్ ఎడమ గొట్టాన్ని. పిడి మెడ మీద ఒక జారుడు మీట ఉంటుంది. దాన్ని బొటనవేలితో ముందుకు తోస్తే, గొట్టాల మీద గురి చూసే చిన్న రేకు లేచి నిలబడుతుంది. అప్పుడు అదే ముందు ట్రిగ్గర్ కింది గొట్టంలోని తూటాను పేలుస్తుంది. రేకు లేచి ఉంటే తూటా, పడుకుని ఉంటే పెల్లెట్లు. మా వీధి పిల్లలకు ఇది ఎక్కాలతోపాటు వచ్చేది. ఎగోన్ క్లాగెన్‌ఫుర్ట్‌లో పెరిగాడు, అది వాడి తప్పు కాదు.

వేటకు ఇంతకంటే పనికొచ్చే వస్తువు ఉందని నాకు తెలియదు. మా కరవాంకెన్ కొండల కింద అడవిలోకి పోయినవాడికి ఎదురుగా ఏం వస్తుందో ముందే ఎవరూ చెప్పలేరు. కుందేలు రావచ్చు, నక్క రావచ్చు, కాళ్ల దగ్గర పొదలోంచి అడవికోడి లేవవచ్చు, లోయ అవతల మగజింక తల ఎత్తి నిలబడవచ్చు. రెండు తుపాకులు మోసుకెళ్లేవాడు కొండ సగం ఎక్కేసరికి రెండింటినీ తిడతాడు. దగ్గరి వాటికి పెల్లెట్లు, దూరపు దానికి తూటా, భుజాన ఒకే బరువు. చేసింది నా మొగుడు కాబట్టి పొగుడుతున్నానని అనుకోవద్దు. ఆయన చేసిన కాఫీ గురించి నేను ఏనాడూ ఒక మంచి మాట అనలేదు.

అయితే ఈ తుపాకీ వాడేవాడి దగ్గర ఒక వస్తువు ఉండాలి. అది తీరిక. మంచె మీద కూర్చున్నవాడికి అది కావలసినంత ఉంటుంది. జింకకు వాడు అక్కడ ఉన్నాడని తెలియదు. వాడు బొటనవేలితో మీట తడుముకుంటాడు, రేకు చూసుకుంటాడు, జింక వెనక ఏముందో చూసుకుంటాడు, ఊపిరి వదులుతాడు. ఇన్ని చేసినా కుందేలు మీద తూటా పేల్చి, కుందేలుకు బదులు పుట్టగొడుగుల బుట్టను కొట్టినవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. వాళ్ల పేర్లు రాయడం లేదు, వాళ్ల భార్యలు బతికే ఉన్నారు.

5. తుపాకీని ఎగోన్‌కు ఎందుకు ఇవ్వడం లేదో కారణం రాయాల్సి ఉంది.

పోయినేడు వేసవిలో ఎగోన్, వాడి భార్య సబీన్, ఐదేళ్ల వలేరీ గ్రాడో సముద్రతీరానికి వెళ్లినప్పుడు వాళ్ల కొత్త ఇంట్లో దొంగలు పడ్డారు. వీడియో ప్లేయరు, సబీన్ చెవిరింగులు, ఫ్రిజ్‌లో ఉన్న సలామీ మాంసం పోయాయి. దొంగలు వెనక తలుపు తీసి వచ్చారు. ఆ తలుపు గడియ చెడిపోయి మూడు నెలలైందని సబీనే చెప్పింది. గడియ ఇంకా అలాగే ఉంది. దాని బదులు ఎగోన్ తన మంచం తల వైపు గోడకు రెండు కొక్కేలు బిగించాడు. "ఇవెందుకురా" అని అడిగితే "తాతయ్య తుపాకీకి, అమ్మమ్మా. గుళ్లు నింపే పెట్టి ఉంచుతా. చెయ్యి చాపితే చాలు" అన్నాడు. నేను ఇంకా బతికి ఉండగానే కొక్కేలు బిగించడం గురించి నాకు ఫిర్యాదు లేదు. ముందుచూపు మంచిదే.

నా ఫిర్యాదు ఆ "చెయ్యి చాపితే చాలు" గురించి. ఎగోన్ చెయ్యి చాపితే అందేది వలేరీ మంచం ఎక్కితే అందుతుంది. ఆ పిల్ల మంచాలు మాత్రమే కాదు, కుర్చీలు, బల్లలు, ఒకసారి పియానో కూడా ఎక్కింది. ఇక దాక్కోవడమంటే దానికి పిచ్చి. కర్టెన్ల వెనక, మెట్ల కింద, బట్టల బుట్టలో, ఎక్కడ వెతకాలో సబీన్‌కు కూడా తెలియదు. ఆ ఇంటి గోడలు సున్నపు అట్టలతో కట్టినవి. క్రిస్మస్‌కి వెళ్లి నేను ముందుగదిలో కూర్చుని ఉండగా వలేరీ తన గదిలో తుమ్మితే "చిరంజీవ" అన్నాను, గోడ అవతలి నుంచి "థాంక్స్ ముత్తమ్మమ్మా" అంది. తుమ్మునే ఆపలేని గోడ జింకను పడగొట్టే తూటాను ఆపుతుందని ఏ ఇంజనీరూ సంతకం పెట్టడు. ఎగోన్ ఇంజనీరే.

దొంగ వచ్చిన క్షణంలో నిద్రమత్తులో లేచినవాడికి రెండు ట్రిగ్గర్లు, ఒక మీట, లేచిందో పడుకుందో తెలియని ఒక రేకు, మూడు రకాల చప్పుళ్లు ఉన్న వస్తువు చేతికిస్తే ఏమవుతుందో నేను ఊహించి చెప్పడం లేదు. పట్టపగలు, పూర్తి మెలకువలో, ఆ వస్తువును తానే చేసిన మనిషి చేతిలో ఏమయిందో చెబుతాను.

6. పై గదిలోని ఓక్ బీరువాను, నా పుట్టింటివారు నా పెళ్లికి ఇచ్చినదాన్ని, లోపలి కొయ్య కడ్డీ, అడుగు సొరుగు, ఎడమ తలుపుకున్న కన్నంతో సహా, నా మనవడు ఎగోన్‌కు రాసి ఇస్తున్నాను.

బీరువా కథ ఎగోన్‌కు తెలుసు. ఊరందరికీ తెలుసు. తాతయ్య కోళ్లను ఎత్తుకుపోయే మార్టెన్ అనే జంతువును కొట్టబోయి బీరువాను కొట్టాడు, మార్టెన్ కిటికీలోంచి పోయింది, బీరువా చచ్చింది. వాడి పెళ్లిలో కూడా ఎవరో ఇది చెప్పి నవ్వించారు. ఆ కథలో తప్పేమీ లేదు. సగం లేదు, అంతే.

అది అక్టోబరు నెల. వాల్‌నట్లు రాలిన రోజులు. పై గదిలో నేల మీద బట్ట పరిచి ఎండబెట్టాను. పండగ రొట్టెకు కావాలి, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పాను. కింద వంటింట్లో రాగి గుండిగలో ప్లమ్ జామ్ కలుపుతున్నాను. జామ్ సగంలో ఉన్నప్పుడు పొయ్యి దగ్గర్నుంచి కదలడం కుదరదు, వంట చేసినవాళ్లకు తెలుసు.

బ్లాజియస్ మధ్యాహ్నం నుంచి అడవి అంచున మంచె మీద జింక కోసం కూర్చుని, జింక రాక దిగి వచ్చాడు. మీట ముందుకే ఉంది. ఇంటి గేటు దాటే ముందు తుపాకీని మధ్యలో విరిచినట్టు విప్పి, గుళ్లు తీసి ఖాళీ చేయడం మా ఆచారం. ఆ మాట ఆయన ఎంతమంది కుర్రాళ్లకు చెప్పాడో లెక్క లేదు. కానీ గేటు దగ్గర మెడ కొరికిన కోడి పడి ఉంది. మార్టెన్ సిగ్గు లేకుండా పగలే వచ్చి, గోడకు పాకిన పియర్ కొమ్మల మీదుగా పై గది కిటికీలోకి దూరడం ఆయన కళ్లతో చూశాడు. ముంగిసంత జంతువు. దాన్నుంచి ఇంటిని కాపాడుకోవడానికి ఆయన వంటింట్లోంచి వెళ్తూ "హైడీ, నువ్వు కదలకు. ఇంట్లోకి దూరింది వెధవ" అన్నాడు. "ఏది?" అన్నాను. అప్పటికే మెట్లు ఎక్కేశాడు. నేను గరిట పట్టుకుని వెనకే మెట్ల దాకా వచ్చాను.

మార్టెన్ బీరువా పైన ఉంది. ఆయన్ను చూసి అది బీరువా ముందు నుంచి కిందికి దూకింది. పెల్లెట్లనుకుని ఆయన ముందు ట్రిగ్గర్ నొక్కాడు. మెట్ల మీద ఉన్న నాకు చూడకుండానే తెలిసింది, అది పెల్లెట్ల చప్పుడు కాదని. తుపాకుల మేస్త్రి భార్యకు ఆ మాత్రం తెలుస్తుంది.

మార్టెన్ కిటికీలోంచి పోయింది. ఆ వారంలోనే మళ్లీ వచ్చి ఇంకో రెండు కోళ్లను తీసుకెళ్లింది. ఇంటి రక్షణ విషయంలో తుపాకీ సాధించినది ఇంతవరకే.

పొగ కొంచెం తగ్గి, నేను గది గుమ్మంలోకి చేరాక బీరువా తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. అందులోంచి బుర్గి వచ్చింది. ఐదేళ్లది. పావడా నిండా వాల్‌నట్ తొక్కలు. వాళ్ల నాన్న చేతిలో తుపాకీ చూసింది, నా చేతిలో గరిట చూసింది. అది తనకు పడిన శిక్ష అనుకుంది. "ఒకటే తిన్నాను నాన్నా. రెండోది కింద పడిపోయింది, వంగి తీసుకుంటున్నా. తినలేదు" అంది. చెయ్యి చాపి చూపించింది. నిజంగానే పగలగొట్టనిది.

బ్లాజియస్ మంచం మీద కూర్చున్నాడు. తుపాకీ విప్పి, మిగిలిన రెండు గుళ్లూ తీసి దుప్పటి మీద పెట్టాడు. అప్పుడు "తినమ్మా. ఇంకోటి తిను" అన్నాడు. కింద జామ్ మాడిన వాసన వచ్చింది. రాగి గుండిగ మీద మరక అదే.

ఎగోన్ ఇంజనీరు కాబట్టి ఇక్కడ ఒకటి అంటాడని తెలుసు: "అయితే తప్పు ఆ మీటదే కదా అమ్మమ్మా. పెల్లెట్లయితే ఏమీ అయ్యేది కాదు." నేనూ అదే అనుకుని ఒకసారి బ్లాజియస్‌ను అడిగాను. ఆయన కాఫీ కప్పు కింద పెట్టి చెప్పాడు: "ఆ కాస్త దూరంలో పెల్లెట్లు విడిపోవే. ముద్దగానే పోతాయి. కన్నం ఇంకా పెద్దదయ్యేది." అంటే ఆ గదిలో, ఆ దూరంలో, మూడు గొట్టాల్లో సరైనది ఏదీ లేదు. ఈ విషయంలో నాకు తెలిసిన అత్యంత సమర్థుడైన మనిషి అభిప్రాయం ఇది. దీనిపై వాదించదలచినవారు ముందు ఒక తుపాకీ చేసి తీసుకురావాలి.

ఫెర్లాక్‌లో తుపాకీ చప్పుడు దాచలేం. విన్నవాడు అది ఏ గొట్టమో కూడా చెబుతాడు. బీరువా సంగతి మర్నాటికల్లా ఊరంతా తెలిసింది. బుర్గి సంగతి ముగ్గురికే తెలిసింది. నవంబరు వేట భోజనాల తర్వాత మావాళ్లు ఉత్తుత్తి కోర్టు పెట్టుకుంటారు, ఆ ఏడాది ఎవరు ఏ పొరపాటు చేశారో విచారించి శిక్షలు వేస్తారు. ఆ రాత్రి జడ్జి సత్రం నడిపే ఫ్లోరియన్ ఉష్నిగ్. కోర్టు అంటే తలమీద సూప్ గిన్నె బోర్లించుకున్న ఫ్లోరియన్. ఆడవాళ్లం పక్క బల్ల దగ్గర ఉన్నాం.

"ఒరే బ్లాజీ," అన్నాడు ఫ్లోరియన్, "నిలబడి ఉన్న నిరపరాధి బీరువాను కొట్టినట్టు నీ మీద అభియోగం. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా," అన్నాడు బ్లాజియస్.

"అది మగదా, ఆడదా?"

అందరూ నవ్వారు.

"పిల్లలున్న తల్లిని కొట్టకూడదని వేట చట్టం. లోపల పిల్లలున్నాయేమో చూసుకున్నావట్రా, కొట్టేముందు?"

అందరూ ఇంకా నవ్వారు. బల్లలు చరిచారు. బ్లాజియస్ గ్లాసు కింద పెట్టి, టోపీ తీసుకుని బయటికి వెళ్లాడు. శిక్ష తగ్గించుకోవడానికి నాటకమాడుతున్నాడని ఇంకా నవ్వారు. తీర్పు ఆయన లేకుండానే చదివారు: కొట్టిన జంతువుకు ఇచ్చినట్టే బీరువాకూ చివరి ముద్ద ఇవ్వాలి. పడిపోయిన జంతువు నోట్లో పచ్చని ఫర్ చెట్టు కొమ్మ పెట్టి, టోపీ తీసి దాని పక్కన కాసేపు నిలబడటం మా వేటగాళ్ల పద్ధతి.

మర్నాడు పొద్దున్నే బ్లాజియస్ కొమ్మ తెచ్చి బీరువా తలుపు కన్నంలో పెట్టాడు. టోపీ తీసి నిలబడ్డాడు. ఆ తర్వాత ప్రతి అక్టోబరులో, తాను పోయే వరకూ, పెట్టాడు. ఆయన తర్వాత నేను పెడుతున్నాను. మనవళ్లు దాన్ని చూసి నవ్వేవాళ్లు, ఆయన కూడా నవ్వనిచ్చేవాడు. తన తుపాకుల దుకాణంలో అప్పట్నుంచి చేసిన ప్రతి మూడు గొట్టాల తుపాకీకి, విప్పగానే మీట దానంతటదే వెనక్కి వచ్చేలా స్ప్రింగు అమర్చాడు. "మాకు పాత పద్ధతే కావాలి మేస్త్రీ" అన్నవాళ్లను పక్క వీధికి పంపించాడు. చాలామంది వెళ్లారు.

ఎగోన్ చిన్నప్పుడు చూసిన, తలుపు పైన కొక్కేనికి వేలాడే తోలుసంచీలో ఉన్నది తుపాకీ కాదు, పిడి మాత్రమే. గొట్టాలు ఆ రోజు నుంచీ ఊళ్లో దుకాణంలో, ఇనుప పెట్టెలో ఉండేవి. ఈ ఇంటిని అన్నేళ్లు కాసిందని వాడు చెప్పేది ఒక ముక్క చెక్క.

7. నా కుక్క పుర్జెల్‌ను ఎగోన్‌కు, వలేరీకి ఉమ్మడిగా రాసి ఇస్తున్నాను. పొట్టి కాళ్ల కుక్క, చెడ్డ స్వభావం. పోస్టుమ్యాన్‌ను, చర్చి ఫాదరును, ఫిలోమినాను సమానంగా చూస్తుంది. కాలు కింద ఆకు కదిలినా మొరుగుతుంది, ఆపమంటే ఆపదు. దీనికి మీట లేదు, ఏ గొట్టం పేలుతుందో చూసుకోనక్కర్లేదు. దీనితోపాటు బ్లాజియస్ చేసిన ఇనుప తలుపుగడియ ఒకటి కూడా ఎగోన్‌దే. మరలు ఒక సంచీలో కట్టి దానికే వేలాడదీశాను. వాడి వెనక తలుపుకు సరిపోతుంది. క్రిస్మస్‌కి వెళ్లినప్పుడు వాడు చూడకుండా జానతో కొలిచాను.

8. నాలుగో అంశంలో ఏమి రాసినప్పటికీ, ఎగోన్‌కు తుపాకీ కావాలంటే గెర్లిండ్ మారుమాట లేకుండా ఇచ్చేయాలి. ఆమెతో మాట్లాడాను. "ఇస్తాను అమ్మమ్మా, కానీ వాడు అడగడు చూడు" అంది. నాకంత నమ్మకం లేదు. అయినా రాశాను. పెద్దవాడైన మనిషిని తన ఇంట్లో ఏం పెట్టుకోవాలో శాసించడం వీలునామా పని కాదు, అలా శాసిస్తే వాడు బజారులో ఇంకోటి కొంటాడు. గెర్లిండ్‌కు ఒకే షరతు: అప్పగింత ఆ బీరువా ముందే జరగాలి.

9. ఈ వీలునామాను కోర్టులో ప్రశ్నించదలచినవారు ప్రశ్నించవచ్చు. వారికి బావిపక్కన పెట్టిన తుప్పుపట్టిన ఇస్త్రీపెట్టె చెందుతుంది.

ఫెర్లాక్, 1999 అక్టోబరు తొమ్మిది.

అడెల్‌హైడ్ ఓగ్రిస్ (సంతకం)

మొదటి సాక్షి: ఫ్లోరియన్ ఉష్నిగ్, సత్రం మాజీ యజమాని. ఇతను ఆరో అంశం దగ్గర ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని మొదటినుంచి చదివాడు. "హైడీ, ఆ రాత్రి నేనన్న మాట..." అన్నాడు. "తీర్పు సరిగ్గానే ఇచ్చావు ఫ్లోరియన్, సంతకం పెట్టు" అన్నాను. పెట్టాడు. గీత వంకరగా పోయింది. అది వయసు వల్ల అని రాయమన్నాడు, రాశాను.

రెండో సాక్షి: హిల్డెగుండ్ మారిన్‌షెక్, నర్సు. నాకు జ్వరం లేదని, నా బీపీ తనదానికంటే బాగుందని ధ్రువీకరించింది.

సంతకం కింద రాసినది చట్టం ముందు చెల్లదని సుంపర్ గారు చెప్పారు. అందుకే ఇది ఇక్కడ రాస్తున్నాను. ఇది వీలునామా కాదు, ఎగోన్‌కు ఒక చిన్న పని.

బీరువా కోసం వ్యాను మాట్లాడుకునే ముందు, ఎండ ఉన్న ఏదో ఒక మధ్యాహ్నం వలేరీని తీసుకుని రారా. మీరిద్దరే రండి. మూడు దాటాక రా, అప్పటికి పై గది కిటికీలోంచి ఎండ సరిగ్గా బీరువా మీద పడుతుంది. ఎడమ తలుపు కన్నంలో ఎండు కొమ్మ ఉంటుంది, లాగెయ్. తలుపులు తెరిచి పెట్టు. లోపలికి వెళ్లమని దానికి చెప్పక్కర్లేదు, అదే వెళ్తుంది. నిలబడమను. మెల్లగా తలుపు మూసి, వెలుతురు ఎక్కడ పడుతోందో అడుగు. మీ అమ్మకి అప్పుడు సరిగ్గా దాని వయసే, దాని ఎత్తే.

అది జవాబు చెప్పాక బయటికి తియ్యి. జేబులో రెండు వాల్‌నట్లు వేసుకుని రా, పగలగొట్టి పెట్టు. తర్వాత పెరటి వెనక్కి వెళ్లి పచ్చ కొమ్మ ఒకటి తెంపు. ఫర్ కొమ్మ, స్ప్రూస్ కాదు. ఫర్ ఆకు అడుగున రెండు తెల్లగీతలుంటాయి, చేతికి గుచ్చుకోదు. దాన్ని కన్నంలో పెట్టు. టోపీ పెట్టుకుని వస్తే తియ్యి. ఆ పైన మీ అక్కకి ఫోన్ చేస్తావో, వెనక తలుపుకి గడియ బిగిస్తావో నీ ఇష్టం.

వెళ్లేటప్పుడు పై గది కిటికీ మూసి వెళ్లు. మార్టెన్లు ఇంకా ఉన్నాయి.